రెండు బరులు – ఒక త్రాసు

కడప జిల్లా వేముల మండలంలోని తుమ్మలపల్లె పేరు వినగానే వార్తాపత్రికలు చదివేవారికి యురేనియం గని స్ఫురిస్తుంది. గని వచ్చి ఊరికి పేరు తెచ్చింది. కాని అంతకు ఎంతో ముందునుంచే ఆ ప్రాంతపు పల్లెజనానికి మరొక తవ్వకం తెలుసు. అది రాతిమీద ఉలితో గీతలు తవ్వడం. రాయలసీమలో రచ్చబండల మీద, గుడి మండపాల నేలరాళ్ళ మీద త్రికోణాకారంలో చెక్కిన గీతలు కనిపిస్తూ ఉంటాయి. అవి పులిమేక ఆట గీతలు. వేరుశనగ చేనిలో పని లేని రోజులలో, వాన కోసం ఎదురుచూసే మధ్యాహ్నాలలో, చెట్టునీడన పెద్దలూ పిల్లలూ ఆ గీతల చుట్టూ చేరి గులకరాళ్ళతో, చింతగింజలతో గంటల తరబడి ఆడేవారు. సమీపంలోని పులివెందుల పట్టణానికి ఆ పేరు పులుల వలననే వచ్చిందని జనశ్రుతి. ఆ మాట నిజమైనా కాకపోయినా, పులిని మేకలు కట్టివేయగల ఆట ఒకటి ఆ సీమలో తరతరాలుగా నిలిచిన మాట నిజం.

ఈ ఆటలో ఇరుపక్షాలూ సమానం కావు. సాధారణంగా ఒకరికి మూడు పులులు, మరొకరికి పదిహేను మేకలు ఉంటాయి. ఊరినిబట్టి ఈ లెక్క కొంత మారుతుంది. పులి మేకమీదుగా దూకి ఆవలి ఖాళీ స్థానంలో వాలితే ఆ మేక పోయినట్టే. మేకకు దూకే శక్తి లేదు, చంపే శక్తి లేదు. మేకలన్నీ ఒక్కొక్కటిగా బరిలోకి దిగేవరకు, ముందు దిగినవి కదలడానికైనా వీలులేదు. వాటికి ఉన్న బలమల్లా సంఖ్య, ఓర్పు, ప్రక్కన నిలిచే తోడు. అయినా పులులకు కదలే చోటు లేకుండా చుట్టుముట్టితే గెలుపు మేకలదే. నేపాల్ దేశంలో ఆడే బాగ్‌చాల్ అనే ఇటువంటి ఆటలో నాలుగు పులులు, ఇరవై మేకలు ఉంటాయి. ఇరువురూ పొరపాటు చేయకుండా ఆడితే అది గెలుపోటములు లేకుండా ముగుస్తుందని పరిశోధకులు కంప్యూటరు లెక్కలతో నిరూపించారు. మన పల్లెలలో అటువంటి తూకాన్ని లెక్కలతో కాక అనుభవంతో కుదుర్చుకున్నారు. తూకం మీద ఎవరికైనా అనుమానం వస్తే దానికీ ఒక ఉపాయం ఉన్నది. మొదటి ఆటలో పులులను నడిపినవాడు రెండవ ఆటలో మేకలను నడపాలి.

బలాలు సమానంగా ఉండడం వేరు, బలాలు తూగడం వేరు. ఆ భేదాన్ని బండమీది గీతలు ఏనాడో గుర్తించాయి. నేడు అదే ప్రశ్న మరింత చిక్కుపడి, చేతిలో ఇమిడే తెరమీదికి చేరింది. 2016 తరువాత మొబైల్ డేటా చౌకగా లభించడంతో పల్లెటూరి యువకుడు తన ఊరి రచ్చబండ మీద కూర్చుండియే ఎక్కడో దూరదేశంలో ఉన్న తోడి ఆటగాడితో కలిసి కోటలు ముట్టడిస్తున్నాడు. ఇటువంటి ఆటలను పాత్రధారణ ఆటలు అనవచ్చును. ఆటగాడు ఒక కల్పిత లోకంలో ఒక పాత్రను ధరించి, నెలల తరబడి దానిని పెంచి, శక్తులను, ఆయుధాలను సంపాదించుకుంటాడు. 1978లో ఇంగ్లండులోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా, రిచర్డ్ బార్టిల్ అనే విద్యార్థులు కేవలం అక్షరాలతో నిర్మించిన 'మడ్' అనే ఆట ఈ వంశానికి మూలపురుషుని వంటిది. 2004 నవంబరులో విడుదలైన 'వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్' ఈ తరహా ఆటలను ప్రపంచమంతటా వ్యాపింపజేసింది. 2010 నాటికి దానికి చందా కట్టి ఆడేవారి సంఖ్య ఒక కోటి ఇరవై లక్షలకు చేరింది.

ఈ ఆటలలో అందరూ ఒకే విధమైన పాత్రను ధరించరు. యోధుడు, మాంత్రికుడు, విలుకాడు, గాయాలు మాన్పే అర్చకుడు, చాటునుంచి పొడిచే చోరుడు అంటూ పాత్రలు వర్గాలుగా ఉంటాయి. ఆటగాళ్ళు వీటిని 'క్లాసులు' అంటారు. ప్రతి వర్గానికీ ఒక బలం, ఒక లోపం ఉండాలి. ఏ ఒక్క వర్గమూ మిగిలిన వాటిని మింగివేయకూడదు, ఏ వర్గమూ ఎవరికీ అక్కరలేనిది కాకూడదు. ఈ తూకం కుదర్చడమే ఆట నిర్మాతలకు నిత్యం తలనొప్పి.

వర్గాలు ఎన్ని ఉన్నా బరి ఒక్కటే అయితే ఆ తలనొప్పికి మందు దొరకవచ్చును. ఇక్కడ బరులు రెండు. మొదటిది యంత్రపోరు. కంప్యూటరు నడిపే రాక్షసులతో, క్రూరమృగాలతో ఆటగాళ్ళు జట్టుకట్టి పోరాడతారు. దీనిని వారు 'పీవీఈ' అని పిలుచుకుంటారు. రెండవది ముఖాముఖి పోరు. మనిషి నడిపే పాత్ర మరొక మనిషి నడిపే పాత్రతో తలపడుతుంది. ఇది 'పీవీపీ'. రెండింటిలోనూ అదే యోధుడు, అదే కత్తి, అదే మంత్రం. పోరాటపు స్వభావం మాత్రం పూర్తిగా వేరు.

యంత్రపోరులో రాక్షసునికి ప్రాణశక్తి అపారం. ఒక్కొక్క పోరు అనేక నిమిషాలు సాగుతుంది. అక్కడ కావలసినది అలుపెరుగక నిలకడగా కొట్టే దెబ్బ. ముఖాముఖి పోరులో ఎదుటివాని ప్రాణశక్తి కొద్దిపాటిది. క్షణాలలో ఫలితం తేలుతుంది. అక్కడ కావలసినది ఒక్కసారిగా విరుచుకుపడే దెబ్బ. శత్రువును కొన్ని క్షణాలు కదలకుండా చేసే స్తంభన విద్య పెద్ద రాక్షసుల మీద తరచుగా పనిచేయదు. పనిచేస్తే ఆట మరీ సులువైపోతుందని నిర్మాతలే దానిని అడ్డుకుంటారు. మనిషిమీద మాత్రం ఆ కొన్ని క్షణాలే చావుబ్రతుకులను నిర్ణయిస్తాయి. ఇక, డాలు పట్టి ముందు నిలిచే యోధుని సంగతి చూడండి. అతడు కవ్విస్తే రాక్షసుడు మిగిలిన అందరినీ విడిచి అతనిమీదికే వస్తాడు. యంత్రానికి అది విధి. మనిషి అలా కవ్వింపుకు లొంగడు. డాలువానిని దాటిపోయి, వెనుక నిలిచి గాయాలు మాన్పుతున్న అర్చకుని మీద ముందుగా పడతాడు. అడవిలో జట్టుకు వెన్నెముక అయిన యోధుడు ముఖాముఖి బరిలో చూస్తూ నిలబడవలసి వస్తుంది.

ఒక ఊహాజనితమైన లెక్కతో ఈ చిక్కు మరింత తేటపడుతుంది. ఒక విలుకాడు క్షణానికి 100 చొప్పున నిలకడగా దెబ్బ కొడతాడనుకొందాం. ఒక మాంత్రికుడు ప్రతి 30 క్షణాలలో మొదటి 3 క్షణాలలోనే 900 దెబ్బ కొట్టి, మిగిలిన 27 క్షణాలూ 80 చొప్పున కొడతాడు. ఇక్కడ క్షణమంటే ఒక సెకను. రాక్షసునితో ఐదు నిమిషాల పోరులో విలుకాని మొత్తం 30,000, మాంత్రికునిది 30,600. ఇద్దరూ దాదాపు సమానులే. ఎవరికీ అసూయ కలుగనక్కరలేదు. వీరిద్దరూ ముఖాముఖి బరిలో దిగి, ఒక్కొక్కరికి 900 ప్రాణశక్తి ఉన్నదనుకుంటే, మాంత్రికుడు 3 క్షణాలలో పని ముగిస్తాడు. విలుకానికి 9 క్షణాలు కావాలి. అతనికి ఆ 9 క్షణాలు ఎవరిస్తారు?

ఓడినవారు గగ్గోలు పెడతారు. వారి ఫిర్యాదు న్యాయమైనదే. నిర్మాత మాంత్రికుని తొలిదెబ్బను సగానికి, అంటే 450కి తగ్గిస్తాడు. ముఖాముఖి బరిలో శాంతి నెలకొంటుంది. కాని అడవిలో రాక్షసుని ఎదుట అదే మాంత్రికుని మొత్తం 26,100కు పడిపోతుంది. దాదాపు 15 శాతం కోత. జట్టు నాయకులు మరునాటినుంచి అతనిని పిలవడం మానివేస్తారు. అతడు ఎన్నడూ ముఖాముఖి బరిలో కాలు పెట్టినవాడు కాకపోవచ్చును. ఎవరినీ అన్యాయంగా ఓడించినవాడు కాకపోవచ్చును. తనకు సంబంధం లేని తగవులో అతనికి శిక్ష పడింది.

ఇది ఆటే కదా అని తీసివేయడం పెద్దలకు తేలిక. ఆ పాత్ర వెనుక ఆరు నెలల సాయంకాలాలు ఉన్నాయి. ముక్కూ మొగమూ తెలియని పదిమంది స్నేహితులతో కుదిరిన పొత్తు ఉన్నది. ముఖ్యంగా గాయాలు మాన్పే పాత్రను ఎంచుకునేవారు పేరుకోసం కాక తోడుకోసం ఆడేవారు. చంపినవారి లెక్కలో వారి పేరు పైన ఉండదు. అటువంటివాని విద్యను, ఎక్కడో ముఖాముఖి బరిలో మరొకడు దానిని ఎదుటివారికి విసుగు పుట్టేలా వాడుకున్నాడన్న కారణంతో తగ్గిస్తే, పోయేది అంకె ఒక్కటే కాదు. జట్టులో అతని స్థానం పోతుంది. రిచర్డ్ బార్టిల్ 1996లో రాసిన వ్యాసంలో ఆటగాళ్ళను నాలుగు తెగలుగా విభజించాడు. సాధించాలని వచ్చేవారు, వింతలు చూడాలని వచ్చేవారు, నలుగురితో కలవాలని వచ్చేవారు, ఎదుటివారిని ఓడించాలని వచ్చేవారు. నాలుగవ తెగవారి తగవులు తీర్చడానికి మిగిలిన మూడు తెగలవారి సొత్తును ఖర్చుచేయడం ధర్మం కాదు.

పులివెందుల ప్రాంతంలో చీనీ తోటకూ వేరుశనగ చేనుకూ ఒకే కొలతతో నీరు పెట్టే రైతు ఎక్కడా కనబడడు. నేల ఒకటే, బోరుబావి ఒకటే, రైతు ఒకడే. పైరు వేరు కనుక కొలత వేరు. చీనీచెట్టు వేరుకు నీరు ఎక్కువై తెగులు వచ్చిందని వేరుశనగకు తడి తగ్గించడు. రెండు బరులకు రెండు కొలతలు ఉండాలన్న వాదం ఇంతకంటె లోతైనదేమీ కాదు. ఆట నిర్మాతలకు ఇది తెలియడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

ఈ విషయంలో మొదట ధైర్యం చేసిన ఆటలలో 2005లో వచ్చిన 'గిల్డ్ వార్స్' పేర్కొనదగినది. 2008లో దాని నిర్మాతలు కొన్ని విద్యలను రెండుగా చీల్చారు. పేరు అదే, రూపు అదే. అడవిలో ఒక బలం, ముఖాముఖి బరిలో మరొక బలం. ఒకచోట సవరించినప్పుడు రెండవచోట దెబ్బతగలని ఏర్పాటు ఇది. వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ వేరొక దారి తొక్కింది. 2007లో ఇద్దరిద్దరు, ముగ్గురు ముగ్గురు, ఐదుగురైదుగురు తలపడే పోటీ బరులను ప్రవేశపెట్టినప్పుడు, ఎదుటి మనుషుల దెబ్బలను ఓర్చుకునే ఒక ప్రత్యేక గుణాన్ని కవచాలలో చేర్చింది. రాక్షసుల ఎదుట ఆ గుణం పెద్దగా కొరగాదు. విద్యలు ఒకటిగానే ఉండిపోయాయి, కవచాలు రెండయ్యాయి. ఆటగాడు రెండు బరులకూ రెండు జతల కవచాలను రెండింతల శ్రమతో కూడబెట్టవలసి వచ్చింది. చిక్కు నిర్మాత బల్లమీదినుంచి ఆటగాని భుజాలమీదికి జారిందే తప్ప విడిపోలేదు.

2016లో అదే ఆట మరొక కొసకు వెళ్ళింది. ముఖాముఖి బరిలో అడుగుపెట్టగానే ఆటగాడు సంపాదించిన కవచాల గుణాలను దాదాపుగా ప్రక్కకునెట్టి, ఒక్కొక్క వర్గానికి ముందుగా నిర్ణయించిన ఒక మూసను తొడిగింది. కాగితం మీద ఇంతకంటె సమన్యాయం లేదు. కాని కష్టపడి సంపాదించినది బరి గుమ్మంలో విడిచి వెళ్ళాలంటే ఆటగానికి మనసొప్పలేదు. 2018లో వచ్చిన తరువాతి భాగంలో ఆ మూసలను తొలగించారు. న్యాయం పేరిట శ్రమను తుడిచివేస్తే జనం ఆ న్యాయాన్ని కోరుకోరు. 2012 నాటి 'గిల్డ్ వార్స్ 2' లోని పోటీ బరులలో మాత్రం అందరికీ ఒకే స్థాయి, ఒకే విధమైన సామగ్రి ఇచ్చే పద్ధతి నిలబడింది. అక్కడ ఆ ఒప్పందం మొదటి రోజునుంచే ఉన్నది. ఇచ్చి తీసుకోవడం వేరు, మొదటే ఇవ్వకపోవడం వేరు.

రెండు కొలతలను వ్యతిరేకించేవారు లేకపోలేదు. లోకం ఒకటైనప్పుడు ధర్మం ఒకటిగానే ఉండాలని వారి వాదన. అడవిలో బండను చీల్చిన కత్తి, అంగణంలో అరటిబోదెను చీల్చకపోతే ఆ లోకాన్ని ఎవరు నమ్ముతారని వారు అడుగుతారు. ఒక్కొక్క విద్యకు రెండు అంకెలు గుర్తుంచుకోవడం క్రొత్తవారికి భారమని కూడా అంటారు. ఈ రెండవ మాటలో నిజం ఉన్నది. అడవిలో చేయి తిరిగినవాడు ముఖాముఖి బరిలో అడుగుపెట్టి, తన విద్య తనకే పరాయిదైనట్టు తడబడడం జరిగేదే. మొదటి మాట మాత్రం నిలవదు. మంత్రంతో మనుషులు ఎగిరే లోకంలో కత్తి పదును దగ్గర మాత్రమే వాస్తవికత గుర్తుకు రావడం వింత.

పైగా నిజలోకపు ఆటలే ఈ వాదానికి సమాధానం చెబుతున్నాయి. కబడ్డీలో కూతకు వెళ్ళినవాడు ఒంటరి, ఎదుట ఏడుగురు. ఇంతకంటె అసమానమైన పోరు మరొకటి ఉండదు. అందుకని ఎవరూ కూతగాని కాళ్ళకు బలం పెంచలేరు, పట్టుకునేవారి చేతులకు సంకెళ్ళు వేయలేరు. పరిస్థితినిబట్టి పాయింటు విలువను మార్చారు. ఎదుట ఆరుగురు లేదా అంతకంటె ఎక్కువమంది ఉన్నప్పుడే కూతగానికి బోనస్ గీత అందుబాటులో ఉంటుంది. 2014లో ఆరంభమైన ప్రొ కబడ్డీ పోటీలలో పట్టుకునే పక్షాన ముగ్గురు లేదా అంతకంటె తక్కువమంది మిగిలినప్పుడు వారు కూతగానిని బంధిస్తే 'సూపర్ ట్యాకిల్' పేరిట అదనపు పాయింటు లభిస్తుంది. మైదానం ఒకటే. మనుషులు వారే. అదే పట్టుకు ఒకప్పుడు ఒక విలువ, మరొకప్పుడు రెండు. దీనివలన కబడ్డీ అబద్ధమైపోయిందని తెలుగు టైటాన్స్ అభిమాని ఎవడూ వాపోలేదు. బలహీనపడిన పక్షానికి ఆశ మిగిలినందుకు ఆట చివరిదాకా రక్తి కట్టింది.

ఈ చర్చకు మన దేశంలో క్రొత్త బరువు కూడా చేరింది. 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఇ-స్పోర్ట్స్‌ను క్రీడా మంత్రిత్వశాఖ పరిధిలోకి తెచ్చింది. 2023లో చైనాలోని హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో వాటికి తొలిసారిగా పతకాలు ఇచ్చారు. 2025లో పార్లమెంటు చేసిన చట్టం డబ్బు ఒడ్డి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూనే ఇ-స్పోర్ట్స్‌ను వేరుగా గుర్తించింది. పందేనికీ క్రీడకూ భేదం గీసిన తరువాత, క్రీడకు ఉండవలసిన న్యాయాన్ని గురించి అడిగే హక్కు ఆడేవారికి కలుగుతుంది. ఆసియా క్రీడలలో పతకాలకు ఎంచుకున్న ఆటలలో 'డోటా 2' వంటివి మొదటినుంచీ పోటీకోసమే మలచినవి. వాటి తూకం ప్రధానంగా ఒక్క బరికోసమే చూస్తారు కనుక ఈ చిక్కు వాటిని అంతగా బాధించదు. చిక్కంతా ఒకే పాత్రను రెండు బరులకూ పంపే పాత్రధారణ ఆటలది.

కాబట్టి మధ్యేమార్గమే యుక్తమైనదిగా తోస్తుంది. విద్య స్వభావాన్ని మార్చనక్కరలేదు. నిప్పుమంత్రం రెండుచోట్లా నిప్పుమంత్రంగానే ఉండవచ్చును. దాని బలం మాత్రం బరినిబట్టి మారాలి. ఆటగాడు సంపాదించినది ఏ బరిలోనూ పూర్తిగా సున్న కాకూడదు. కోత వేసేముందు, ఏ బరిలో తగవు వచ్చిందో ఆ బరికే కోత పరిమితం కావాలి. పులిమేక ఆటలోని పాత ఉపాయం నిర్మాతలకు కూడా పనికివస్తుంది. ఒక వర్గపు బలాన్ని తగ్గించాలని తలచినవారు ఆ వర్గపు పాత్రను ధరించి, ముందు అడవిలో ఒక వారం, తరువాత ముఖాముఖి బరిలో ఒక వారం ఆడి చూడాలి. పక్షం మారితే బండ వేరుగా కనిపిస్తుందని రచ్చబండ మీది పిల్లవానికైనా తెలుసు.

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ నిర్మాతలు ఆటలో చేసిన మార్పులను ఎప్పటికప్పుడు జాబితాగా ప్రకటిస్తూ ఉంటారు. ఇటీవలి సంవత్సరాల జాబితాలలో అనేక మార్పుల ప్రక్కన, అవి ముఖాముఖి పోరుకు మాత్రమే వర్తిస్తాయన్న వివరణ కనిపిస్తుంది. జాబితా వెలువడిన రోజున గాయాలు మాన్పే అర్చకుడు ముందుగా వెదకేది ఆ వివరణనే. అది ఉంటే ఆ సాయంకాలం అతడు ఎప్పటివలె తన జట్టును కలుసుకుంటాడు. లేకపోతే తనను ఇంకా పిలుస్తారా లేదా అని నాయకుని మాటకోసం ఎదురుచూస్తాడు.